స్వీడిష్ ఇల్లు: వెలుతురు లెక్కలు

(స్టాక్‌హోమ్‌లో తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక ఇంటీరియర్ డిజైనర్ చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ఇంత చలిలో, అదీ ఆదివారం పూట, పిల్లల్ని వెంటేసుకుని వచ్చారు. చాలా సంతోషం. నాకిచ్చిన టాపిక్ "స్వీడిష్ స్టైల్‌లో ఇల్లు సర్దుకోవడం". మీలో చాలామంది కొత్తగా ఫ్లాట్ కొన్నవాళ్లో, కొనబోతున్నవాళ్లో అని విన్నాను. కాబట్టి ఉపోద్ఘాతం పెట్టుకోను.

స్వీడిష్ ఇల్లు అనగానే మీ కళ్లముందుకొచ్చే బొమ్మ నాకు తెలుసు. తెల్ల గోడలు, బూడిద రంగు సోఫా, మూలన ఒక మొక్క, నల్ల ఫ్రేములో పోస్టరు, టేబుల్ మీద గిన్నెనిండా నిమ్మకాయలు. (నవ్వులు) నవ్వుతున్నారంటే మీరూ ఫ్లాట్ల ప్రకటనలు తెగ చూశారన్నమాట. ఆ ఫోటోలు అమ్మకం కోసం తీసినవండీ. ఇక్కడ ఫ్లాట్ అమ్మకానికి పెట్టేముందు చాలామంది స్టైలిస్టుని పిలిపిస్తారు. ఇంట్లో సగం సామాను స్టోరులోకి పోతుంది, కుటుంబం ఫోటోలు గోడ దిగుతాయి. గది పెద్దదిగా కనబడాలి, ఎవరి ఇల్లో తెలియకూడదు, చూడ్డానికి వచ్చినవాళ్లు అందులో తమ సామాను ఊహించుకోవాలి. అంతే దాని ఉద్దేశం. మనమేమో ఆ బొమ్మ చూసి కాపురానికి కాపీ కొడుతున్నాం.

నా పనిలో రోజూ ఎవరో ఒకరి ఇంట్లోకి వెళ్తుంటాను. డెబ్బై దాటిన స్వీడిష్ ఆవిడ ఇంటికి వెళ్లి చూడండి. గోడలకి పూల వాల్‌పేపర్, వంటింట్లో నీలం రంగు అల్మరాలు, ఒకదానికొకటి పోలిక లేని నాలుగు కుర్చీలు, కిటికీ గట్టు నిండా జెరేనియం కుండీలు. అక్కడ తెల్లదనం తక్కువే. అయినా లోపలికి అడుగుపెట్టగానే హాయిగా ఉంటుంది. ఎందుకు హాయిగా ఉందో వెతికితే జవాబు గోడ రంగులో దొరకదు, కిటికీ దగ్గర దొరుకుతుంది.

డిసెంబర్ మూడోవారంలో ఇక్కడ సూర్యుడు ఎన్నింటికి వస్తాడు? ఎనిమిదీ నలభై దాటాక. వెళ్లిపోయేది మధ్యాహ్నం మూడు కాకముందే. అంటే పగలు ఆరు గంటలు. ఆ ఆరు గంటల్లో కూడా నడినెత్తికి రాడు. మిట్టమధ్యాహ్నం వేళ కూడా ఆకాశం అంచు నుంచి ఏడు డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. కాబట్టి వెలుతురు అడ్డంగా, నేలబారుగా గదిలోకి దూరుతుంది, మబ్బు లేకపోతే ఎదుటి గోడదాకా పోతుంది. జూన్‌లో సరిగ్గా తలకిందులు, పద్దెనిమిదిన్నర గంటల పగలు. స్వీడిష్ ఇంటి అలంకరణ అనేదంతా ఈ లెక్కకి జవాబుగా పుట్టిందని నా నమ్మకం. ఈ లెక్క పట్టుకుంటే మీకు నాలాంటి డిజైనర్ అక్కర్లేదు. (నవ్వులు)

ఇప్పుడు కొంచెం చరిత్ర. హాగా పార్కు అందరికీ తెలుసు కదా, పిల్లల్ని సీతాకోకచిలుకల దగ్గరికి తీసుకెళ్తుంటారు. ఆ పార్కులోనే రాజు మూడో గుస్తావ్ కట్టించుకున్న పెవిలియన్ ఉంది. వేసవిలో గైడు వెంట లోపలికి వెళ్లొచ్చు, తప్పకుండా చూడండి. ఈ గుస్తావ్ 1771లో పారిస్‌లో ఉండగా తండ్రి పోయాడని కబురొచ్చింది, అక్కడే రాజయ్యాడు. ఫ్రెంచి రాజభవనాల సోకు కళ్లనిండా నింపుకుని తిరిగొచ్చాడు. కానీ ఫ్రాన్స్ దగ్గరున్న డబ్బు ఇక్కడ లేదు. పాలరాయి పెట్టలేనిచోట పైన్ చెక్క మీద పాలరాయిలా రంగు వేశారు. బంగారు పూత తగ్గించారు. కుర్చీలకి ముత్యపు బూడిద రంగు, లేత నీలం, పాలమీగడ తెలుపు వేశారు. దీన్నే గుస్తావియన్ స్టైల్ అంటారు. లేమి వల్ల వచ్చిన స్టైల్ అని ఎవరైనా చిన్నచూపు చూస్తే నేను ఒప్పుకోను. ఆ లేతరంగులు కొవ్వొత్తి వెలుతురుని మింగేయకుండా తిప్పి పంపుతాయి. బంగారపు వెర్సాయి, అదే ఆ ఫ్రెంచి రాజభవనం, దానికంటే నా కళ్లకి ఇదే ఎక్కువ అందంగా ఉంటుంది.

ఆ పెవిలియన్‌లో అద్దాల గది దగ్గర కాసేపు నిలబడండి. ఒకవైపు నీటి మీదికి తెరుచుకునే పెద్ద పెద్ద కిటికీలు, గోడల మీద అద్దాలు. బయటి వెలుతురు ఒకసారి లోపలికి వస్తే రెండు మూడుసార్లు వాడుకుని గానీ వదలరు. ఆ రోజుల్లో కొవ్వొత్తి వెనకా అద్దమే, ఒక్క కొవ్వొత్తి రెండయ్యేది. మీ ఫ్లాట్‌లో చేయగలిగింది కూడా ఇదే. అద్దాన్ని కిటికీకి ఎదురుగా కాదు, పక్క గోడకి పెట్టి చూడండి. ఎదురుగా పెడితే వచ్చిన వెలుతురు వచ్చిన దారినే బయటికి పోతుంది. పక్కన పెడితే గదిలోపలి మూలకి మళ్లుతుంది. ఎంత ఎత్తులో పెట్టాలని అడగొద్దు, ఇద్దరు పట్టుకుని మధ్యాహ్నం పన్నెండింటికి జరుపుతూ చూడండి, మీకే తెలుస్తుంది.

వెలుతురు తరవాత వెచ్చదనం. ఇక్కడి పాత బిల్డింగుల్లో మూలన నేల నుంచి కప్పుదాకా టైల్స్ అంటించిన గుండ్రటి పొయ్యి చూసుంటారు. దాన్ని చాలామంది అలంకారం అనుకుంటారు. అది ఇంధనం పొదుపు కోసం పుట్టిన యంత్రం. 1767లో ప్రభుత్వం కార్ల్ యోహాన్ క్రోన్‌స్టెడ్, ఫాబియన్ వ్రేడే అనే ఇద్దరికి కట్టెలు తక్కువ తినే పొయ్యి తయారుచేయమని పని అప్పగించింది. అప్పటిదాకా వేడిగాలి నేరుగా పొగగొట్టంలోంచి ఆకాశంలోకి పోయేది. వీళ్లు ఆ పొగని ఇటుకల మధ్య సన్నటి దారుల్లో పైకీ కిందకీ తిప్పారు. పొగ బయటపడేసరికి దాని వేడంతా ఇటుకలోకి దిగిపోతుంది. పొద్దున కట్టెలు కాల్చేస్తే ఆ ఇటుకలు గంటల తరబడి గదిని వెచ్చగా ఉంచుతాయి. దాంతో మంట ముందు గుంపుగా కూర్చోవాల్సిన పని తప్పింది, గది మొత్తం వాడకంలోకి వచ్చింది. కుర్చీలు కిటికీ దగ్గరికి జరిగాయి. మీరు కొన్న ఫ్లాట్‌లో ఇలాంటి పొయ్యి ఉంటే అదృష్టం. కాకపోతే చిమ్నీ పనివాడు వచ్చి చూసి సరే అనేదాకా అగ్గిపుల్ల గియ్యకండి. చూడ్డానికి బాగానే ఉన్నా లోపల పగుళ్లుండొచ్చు.

ఇక లార్సన్ల ఇంటి గురించి. దీని మీద ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే స్వీడిష్ ఇల్లు అనే ఊహకి అసలు పుట్టిల్లు ఇదే. దలార్నాలో ఫాలున్ దగ్గర సుండ్‌బోన్ అనే పల్లె. కార్ల్ లార్సన్ ఇక్కడి స్టాక్‌హోమ్ పాతబస్తీలో కటిక పేదరికంలో పుట్టిన చిత్రకారుడు. భార్య కరీన్ కూడా చిత్రకారిణే, చదువుకుని వచ్చిన చేయి. 1888లో కరీన్ తండ్రి వాళ్లకి సుండ్‌బోన్‌లో ఓ చిన్న చెక్క ఇల్లు ఇచ్చాడు. పిల్లలు పుడుతున్నకొద్దీ ఊరి వడ్రంగులతో గదులు కలుపుకుంటూ పోయారు. పాత సామాను పారేయకుండా ఎరుపు, ఆకుపచ్చ రంగులు వేశారు. భోజనాల గది చూస్తే మీకు ఆశ్చర్యమేస్తుంది, మన పెళ్లిపందిరంత ధైర్యమైన రంగులు! తలుపుల మీద పిల్లల బొమ్మలు, గోడల మీద రాతలు. కార్ల్ ఆ ఇంటిని నీటిరంగుల్లో గదిగదీ గీసి, 1899లో "ఒక ఇల్లు" అనే పేరుతో పుస్తకంగా వేశాడు. దాంతో ఆ ఇల్లు దేశమంతటికీ మోడల్ ఇల్లయిపోయింది.

బొమ్మలు గీసింది ఆయన. ఆ బొమ్మల్లో కనబడే దుప్పట్లు, టేబుల్ గుడ్డలు, దిండు కవర్లు, తెరలు నేసిందీ కుట్టిందీ ఆవిడ. కుర్చీలు కూడా ఆవిడ డిజైన్ చేసినవి కొన్ని ఉన్నాయి. ఆయన పడకగదికీ ఆవిడా పిల్లలూ పడుకునే గదికీ మధ్య తలుపుకి బదులు వేలాడే ఒక తెర ఉంది. దాని పేరు "ప్రేమ గులాబీ". అడ్డగీతలు, మధ్యలో ఎర్రటి పువ్వు, ఆకులు. ఈ రోజు ఏదైనా డిజైన్ షాపులో పెడితే ఈ ఏడాది కొత్త మోడల్ అనుకుంటారు. నూరేళ్ల పైమాట అంటే నమ్మరు. ఆ ఇంటి గుమ్మం పైన మాత్రం "రండి రండి, ఇది కార్ల్ లార్సన్, ఆయన భార్య ఉండే ఇల్లు" అన్న అర్థం వచ్చే స్వాగతం రాసి ఉంటుంది. ఇల్లంతా ఆవిడ చేతిపని, గుమ్మం మీద పేరు లేదు! (ఆడవాళ్ల వైపు నుంచి నవ్వులు, చప్పట్లు) 1997లో లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం పెద్ద ఎగ్జిబిషన్ పెట్టి, స్వీడిష్ స్టైల్‌ని సృష్టించింది ఈ ఇద్దరూ అని పేరులోనే చెప్పింది. ఇల్లు ఇప్పటికీ వాళ్ల వారసులదే. టికెట్ తీసుకుని చూడొచ్చు. లోపల ఫోటోలు తీసుకోవడం కంటే కిటికీలు గమనించండి. బరువైన కర్టెన్లు ఉండవు. గట్టు మీద మొక్కలు, దాని పక్కనే కూర్చుని కుట్టుకునే చోటు.

అంత దూరం వెళ్లినవాళ్లు ఫాలున్ రాగి గని కూడా చూడండి. పల్లెల్లో కనబడే ఆ ముదురు ఎరుపు ఇళ్ల రంగు ఆ గని నుంచి వచ్చిందే. రాగి తీయగా మిగిలిన మట్టిలోని ఐరన్ ఆక్సైడుని పిండి, నీళ్లు, అవిసె నూనెతో ఉడకబెట్టి చేస్తారు. గని 1992లో మూతపడింది గానీ రంగు ఇంకా తయారవుతూనే ఉంది.

లార్సన్ల పుస్తకం వచ్చిన 1899లోనే ఎలెన్ కే అనే రచయిత్రి అందం అందరికీ హక్కు అని వాదిస్తూ పుస్తకం వేసింది. 1917లో ఇక్కడే లిల్యవాల్క్స్ గ్యాలరీలో చిన్న జీతాలవాళ్ల కోసం ఇళ్ల ఎగ్జిబిషన్ జరిగింది. రెండేళ్ల తరవాత గ్రెగోర్ పౌల్సన్ "రోజువారీ వస్తువులే ఇంకాస్త అందంగా" అనే నినాదం ఇచ్చాడు. ఆ ఆలోచన చివరికి ప్రభుత్వం దాకా వెళ్లింది. 1944లో ఇళ్ల పరిశోధనకంటూ ఒక సంస్థే పెట్టారు. వంట చేసే ఆడవాళ్లు ఎన్ని అడుగులు వేస్తున్నారు, ఎన్నిసార్లు వంగుతున్నారు అని కొలిచి, సింకు ఎత్తు, అల్మరా లోతు నిర్ణయించారు. మీలో హుస్‌బీ, టెన్‌స్టా లాంటి స్టాక్‌హోమ్ శివార్లలో ఉన్నవాళ్లవి 1965, 1974 మధ్య పది లక్షల ఇళ్లు కట్టిన కార్యక్రమంలో భాగంగా వచ్చిన బిల్డింగులు. బయటి నుంచి అగ్గిపెట్టెల్లా ఉన్నాయని అందరూ తిడతారు. లోపల వంటగది మాత్రం బ్రహ్మాండం. కిటికీ పక్కన భోజనాల టేబుల్‌కి చోటు వదిలిపెట్టారు చూశారా, దాన్ని ఫ్రిజ్‌తోనో బియ్యం మూటలతోనో మూసేయకండి. ఇంట్లో అన్నిటికన్నా విలువైన చోటు అదే.

ఇప్పుడు రంగులంటే భయపడేవాళ్ల కోసం ఒక పెద్దమనిషిని పరిచయం చేస్తాను. యోసెఫ్ ఫ్రాంక్. వియన్నా ఆర్కిటెక్టు, యూదుడు. అక్కడ ద్వేషం పెరిగిపోవడంతో 1933లో భార్య దేశమైన స్వీడన్‌కి వచ్చేశాడు. ఎస్ట్రిడ్ ఎరిక్సన్ అనే ఆవిడ 1924లో మొదలుపెట్టిన స్వెన్స్క్ టెన్ అనే ఇంటి అలంకరణ షాపులో చేరాడు. స్ట్రాండ్‌వేగన్ వీధిలో ఇప్పటికీ ఉంది, కొనకపోయినా లోపలికి వెళ్లి చూసి రావచ్చు. యుద్ధకాలంలో న్యూయార్క్‌లో ఉంటూ 1944లో ఎస్ట్రిడ్ యాభయ్యో పుట్టినరోజుకి యాభై కొత్త డిజైన్లు గీసి పంపాడు. కొమ్మలు, పిట్టలు, ఎక్కడా లేని పళ్లు, పువ్వులు, గుడ్డంతా అడవి. ఒకే రంగు గోడ కళ్లకి విశ్రాంతినివ్వదు, అల్లికలున్న గుడ్డే మనసుని నెమ్మదిపరుస్తుంది అనేవాడు. మినిమలిజం, అంటే వీలైనంత తక్కువ సామాను, తక్కువ రంగులు, అని మీరు వినే మాటకి పూర్తిగా ఎదురు. అయినా ఇక్కడివాళ్లు ఆయన్ని తమవాడిగానే చూసుకుంటారు.

ఇదెందుకు చెబుతున్నానంటే, మీ ఇళ్లకి వచ్చినప్పుడు సూట్‌కేసుల్లో చూస్తుంటాను. పెడన కలంకారీ దుప్పటి, పోచంపల్లి ఇక్కత్ గుడ్డ, అమ్మ ఇచ్చినవి. "ఇక్కడి ఇంటికి సూట్ కావేమో అని బయటికి తియ్యలేదండీ" అంటారు. తియ్యండి! మీ బూడిదరంగు సోఫా మీద ఆ కలంకారీ పరిస్తే ఫ్రాంక్ మెచ్చుకునే ఇల్లవుతుంది. ఒక పెద్ద అల్లికకి తోడు ఒక చిన్న అల్లిక, వాటి మధ్య ఒక సాదా గుడ్డ. అంతకుమించి నియమం లేదు. నేలమీద వేసే పొడుగాటి చారల తివాచీలు ఉంటాయి కదా, పాత బట్టలు పీలికలు చేసి నేసేవి, వాటిని చూస్తే మన అమ్మమ్మలు పాతచీరలతో కుట్టిన బొంతలే గుర్తొస్తాయి. సెకండ్ హ్యాండ్ షాపుల్లో చవగ్గా దొరుకుతాయి. చెక్క నేల మీద చలికాలం పాదాలకి హాయిగా ఉంటాయి, ఉతుక్కోవచ్చు కూడా.

సరే, దీపాలు. ఇదే అన్నిటికన్నా ముఖ్యం, ఇందులోనే మనవాళ్లు ఎక్కువ ఇబ్బంది పడతారు. అద్దె ఫ్లాట్‌లో దిగిన మొదటి సాయంత్రం గుర్తుందా? గదుల్లో ఒక్క బల్బు ఉండదు. కప్పుకి కొక్కెం, పక్కన ప్లగ్గు, అంతే. దీపాలు ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి. మనం పరుగున వెళ్లి కప్పుకి తెల్లగా వెలిగే పెద్ద లైటొకటి తగిలిస్తాం. ట్యూబ్‌లైటు వెలుగు లేకపోతే మనకి ఇంట్లో ఎవరో పోయినట్టు ఉంటుంది. (నవ్వులు) పైనుంచి పడే తెల్లకాంతి మధ్యాహ్నపు కాంతిలాంటిది. సాయంత్రం ఎర్రగా, తక్కువ ఎత్తులో ఉండే వెలుగే కంటికి అలవాటు. అందుకని ఒక్క పెద్ద దీపం బదులు గదికి అయిదారు చిన్నవి పెట్టండి. సోఫా పక్కన చదువుకునే దీపం, కూర్చుంటే భుజం ఎత్తులో. భోజనాల టేబుల్ మీద వేలాడే దీపం, బల్లకి అరవై సెంటీమీటర్ల పైన, ఎదుటివాళ్ల మొహం కనబడాలి, బల్బు కనబడకూడదు. అల్మరా మీద ఒకటి. బల్బు వెలుగు రంగుని కెల్విన్‌లో చెబుతారు, అంకె తక్కువైతే పసుపు, ఎక్కువైతే తెలుపు. డబ్బా మీద 2700 కెల్విన్ అని ఉన్నది తీసుకోండి. 4000 అని ఉన్నది వంటబల్ల మీదికి బాగుంటుంది, హాల్లో వద్దు.

ఇంకో దీపం కిటికీలో. సాయంత్రం నాలుగింటికి వీధిలో నడుస్తుంటే ప్రతి కిటికీలో చిన్న దీపం, కర్టెన్లు తెరిచి. అది ఇంట్లోవాళ్లకి ఎంతో, బయట చీకట్లో నడిచేవాడికీ అంతే. అడ్వెంట్, అంటే క్రిస్మస్‌కి ముందు వారాలు, వచ్చిందంటే ఏడు బల్బుల దీపపు స్టాండు, కాగితపు నక్షత్రం. క్రిస్మస్ మనది కాదు కదా అనుకోకండి, ఆ నక్షత్రం లేని కిటికీ ఆ నెలలో బోసిపోయి కనిపిస్తుంది.

సామాను ఎక్కడ కొనాలని అందరూ అడుగుతారు. ఐకియా పేరు చెప్పకుండా ఎలా? ఇంగ్వర్ కాంప్రాడ్ 1943లో పెట్టాడు, 1956లో కాళ్లు విడదీసి డబ్బాలో అమ్మడం మొదలైంది, 1958లో ఎల్మ్‌హుల్ట్‌లో మొదటి స్టోర్, 2018 ఆగస్టులో మన హైదరాబాద్‌లో. అల్మరాలు, పరుపులు, వంటింటి డబ్బాలు అక్కడ కొనండి, తప్పులేదు. కానీ గది మొత్తం ఒకే షాపులో, ఒకే రోజు కొంటే షోరూమ్‌లో కాపురమున్నట్టు ఉంటుంది. కుర్చీలు, టేబుల్, అద్దం పాతవి వెతకండి. స్ట్రింగ్ అల్మరా అని 1949లో నిల్స్, కైసా స్ట్రిన్నింగ్ దంపతులు చేసిన పుస్తకాల అర ఉంది, సన్నటి ఇనప నిచ్చెనలకి చెక్కలు తగిలించి ఉంటాయి. బోనియర్స్ పబ్లిషర్లు మంచి అర డిజైన్ చేయమని పోటీ పెడితే అది గెలిచింది. అర ఉంటే పుస్తకాలు కొంటారని వాళ్ల లెక్క! సెకండ్ హ్యాండ్‌లో దొరికితే వదలకండి. గోడ కాంక్రీటుదైతే హ్యామర్ డ్రిల్లు కావాలి, ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టకండి, కింది ఇంటివాళ్లు కాగితం రాసి లిఫ్టులో అంటిస్తారు.

ఇక మీ ప్రశ్నలు.

(ఒకాయన: మేడమ్, మా అన్నయ్య హైదరాబాద్‌లో ఫ్లాట్ తీసుకున్నాడు. ఇక్కడి మా ఇల్లు చూసి అచ్చం ఇలాగే తెల్లగా చేయించమంటున్నాడు.)

వద్దని చెప్పండి. ఇక్కడ తెలుపు, వెలుతురు చాలక. అక్కడ ఏప్రిల్‌లో పన్నెండింటికి తెల్ల గోడ, తెల్ల టైల్స్, కర్టెన్ లేని కిటికీ అంటే ఇంట్లో నల్లకళ్లజోడు పెట్టుకోవాలి. పైగా దుమ్ము. ఇక్కడి లెక్కనే అక్కడ తిప్పి వేయాలి. ఎండ ఎక్కువ కాబట్టి కిటికీకి తెర, గోడకి కాస్త ముదురు రంగు, నేల చల్లగా. ఇక్కడి నుంచి తీసుకెళ్లాల్సింది సాయంత్రపు చిన్న దీపాలు, కిటికీ పక్కన కూర్చునే చోటు. చెప్పులు విడిచే గడప దగ్గర బెంచీ, కొక్కేలు కూడా. చెప్పులు బయట విడవడం ఈ రెండు దేశాలకీ అలవాటే, కూర్చుని విప్పుకునే చోటు పెట్టుకున్నది మాత్రం వీళ్లే.

(ఒకావిడ: అద్దె ఇంట్లో రంగు వేసుకోవచ్చా? ఇంకా వంట వాసన...)

నేరుగా మీ పేరు మీద అద్దె కాంట్రాక్టు ఉంటే, మీ ఖర్చుతో రంగు వేసుకునే, వాల్‌పేపర్ అంటించుకునే హక్కు చట్టమే ఇచ్చింది. పని నీటుగా ఉండాలి, పాడుచేస్తే డబ్బు కట్టించుకుంటారు. వేరేవాళ్ల దగ్గర మళ్లీ అద్దెకి తీసుకున్నదైతే వాళ్లని అడగాలి.

వంట వాసన సంగతి వినండి, ఇది చాలామందికి తెలియదు. బిల్డింగ్ అంతటికీ ఒకే గొట్టంలో గాలి పీల్చే ఏర్పాటు ఉన్నచోట, పొయ్యి పైన మోటారున్న ఫ్యాను కొని ఆ గొట్టానికి కలపకూడదు. కలిపితే మీ ఇంగువ పోపు నేరుగా పైవాళ్ల వంటగదిలో తేలుతుంది. అసోసియేషన్‌వాళ్ల నుంచి నోటీసు కూడా వస్తుంది. మోటారు లేని హుడ్డు పెట్టుకోవచ్చు, లేదంటే బొగ్గు ఫిల్టరుతో గాలిని శుభ్రం చేసి గదిలోకే వదిలే రకం తీసుకోవచ్చు. ఫిల్టరు మాత్రం పెట్టె మీద రాసినదానికంటే ముందే మార్చండి. వాళ్లు లెక్క కట్టింది బంగాళాదుంపలు ఉడకబెట్టే ఇంటికి.

(ఒక పెద్దాయన: అమ్మా, దేవుడి మందిరం ఎక్కడ పెట్టుకోమంటారు? అల్మరాలో పెడితే బాగుంటుందా?)

మూసే అల్మరాలో దీపం వద్దు బాబాయ్ గారూ, చెక్క అంటుకుంటుంది. భోజనాల గదిలో తూర్పు గోడకి చిన్న అర కొట్టించండి, పైన ఖాళీ వదలండి, దీపం కింద ఇత్తడి పళ్లెం. పొగ అలారం కింద మాత్రం పెట్టకండి, అగరొత్తులకి కూడా మోగుతుంది. ఇక్కడివాళ్లు చలికాలమంతా ఇంట్లో కొవ్వొత్తులు వెలిగిస్తారు కాబట్టి మీ దీపం చూసి ఎవరూ వింతగా అనుకోరు. ఎలా వెలిగించాలో చెప్పమని అడుగుతారు కూడా.